ఆసుపత్రిలో నిర్లక్ష్యం జరిగిందనిపిస్తే కేసు వేయాలా వద్దా: తేల్చుకోవడం ఎలా

"మా అమ్మకి ఆపరేషన్ చేశారు, మూడో రోజుకే పరిస్థితి చేయిదాటిపోయింది. ఎన్నిసార్లు చెప్పినా డాక్టర్లు పట్టించుకోలేదు. కేసు వేయొచ్చా?" ఇలాంటి ప్రశ్నలు నాకు తరచూ వస్తుంటాయి. ఊళ్లు వేరు, జబ్బులు వేరు, అడిగేది మాత్రం ఒకటే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది.

ముందే ఒకటి గుర్తుపెట్టుకోండి. కేసు వేయాలా వద్దా అని ఆలోచించుకోవడానికి మీకు నెలల సమయం ఉంది. కాగితాలు సంపాదించడానికి మాత్రం అంత సమయం లేదు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. మొదటి వారంలోనే "వదిలేది లేదు" అంటారు, కేస్ షీట్ అడగాలని ఏడాది తర్వాత గుర్తొస్తుంది. కింద చెప్పిన మొదటి నాలుగు పనులూ మీరు చివరికి కేసు వేసినా వేయకపోయినా చేయాల్సినవే.

ఇదంతా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో, అంటే భారతదేశ చట్టం కింద జరిగిన వైద్యం గురించి. మీరు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, ఇక్కడున్న మీ తల్లిదండ్రుల విషయంలో అడుగుతున్నా ఇదే వర్తిస్తుంది. వైద్యం అక్కడ జరిగితే అక్కడి చట్టమే.

ఏమేం కావాలి

- కేస్ షీట్, అంటే ఆసుపత్రి రాసిపెట్టే చికిత్స రికార్డు, పూర్తి కాపీ. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే సరిపోదు
- ల్యాబ్ రిపోర్టులు, స్కాన్ ఫిల్ములు, సీడీలు
- ఆసుపత్రి బిల్లులు, అడ్వాన్సు రసీదులు, మందుల షాపు బిల్లులు, ఇన్సూరెన్స్ అప్రూవల్ కాగితాలు
- తర్వాత ఇంకో ఆసుపత్రిలో చూపించుకుంటే అక్కడి కాగితాలన్నీ
- ఫోన్‌లో ఉన్న మెసేజ్‌లు, కాల్ వివరాలు, ఫొటోలు
- ఒక నోట్‌బుక్
- అదే విభాగంలో పనిచేసే, ఆ ఆసుపత్రితో ఏ సంబంధమూ లేని ఒక డాక్టర్

లాయర్ ఈ జాబితాలో లేరని గమనించారా? లాయర్ దగ్గరికి తర్వాత వెళ్దాం.

1. వైద్యం ఇంకా నడుస్తుంటే, ముందు పేషెంటు సంగతి చూడండి

ఆసుపత్రి మీద నమ్మకం పోతే ఇంకో చోటికి మార్చండి. పేషెంటు అక్కడే ఉండగా గొడవకి దిగడం వల్ల ప్రయోజనం లేదు. మార్చేటప్పుడు, డాక్టర్ సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నామని మీ చేత సంతకం పెట్టించుకుంటారు. ఆ కాగితాన్ని చదవకుండా సంతకం చేయకండి. మీరెందుకు తీసుకెళ్తున్నారో సంతకం పైన మీ చేత్తో ఒక్క వాక్యం రాయండి: "రెండు రోజులుగా జ్వరం తగ్గలేదు, సీనియర్ డాక్టర్ వచ్చి చూడలేదు, అందుకే మారుస్తున్నాం." రాసి, ఆ పేజీని ఫొటో తీసుకోండి. ఇది లేకపోతే "మేం చెప్పినా వినకుండా తీసుకెళ్లారు" అన్న ఆసుపత్రి మాట ఒక్కటే రికార్డులో మిగులుతుంది.

2. మరణం జరిగితే, పోస్ట్‌మార్టం గురించి అదే రోజు ఆలోచించండి

రాయడానికి కూడా కష్టంగా ఉంది, కానీ దాటేయకూడని విషయం. మనిషి ఎందుకు చనిపోయారో తేలకపోతే, డాక్టర్ తప్పువల్లే చనిపోయారని చూపించడం చాలా కష్టం. మరణానికి కారణంగా ఆసుపత్రి "గుండె ఆగిపోవడం" అని రాస్తుంది. ఎవరు చనిపోయినా చివరికి ఆగేది గుండే. అది ఎందుకు ఆగిందో పోస్ట్‌మార్టంలోనే బయటపడొచ్చు.

మరణంపై అనుమానం ఉందని స్థానిక పోలీస్ స్టేషన్‌లో రాసివ్వాలి. పోలీసులు పంచనామా చేసి ప్రభుత్వ ఆసుపత్రికి పంపిస్తారు. వీడియో తీయించమని కూడా ఆ అర్జీలోనే అడగండి. ఇంట్లో పెద్దవాళ్లు "పోయిన మనిషిని కోయించడం ఎందుకు" అంటారు. వాళ్ల బాధ నిజమైనదే. అయినా అనుమానం బలంగా ఉంటే ఆ కొన్ని గంటలు నిలబడి మాట్లాడాల్సింది మీరే, తర్వాత ఆ అవకాశం రాదు.

అంత్యక్రియలు అయిపోయి ఉంటే కేసు పోయినట్టే అనుకోవద్దు. కేస్ షీట్‌లోని వివరాలతోనే నిలబడిన కేసులు ఉన్నాయి. భారం మాత్రం పెరుగుతుంది.

3. కేస్ షీట్ కోసం రాతపూర్వకంగా అడగండి

పేషెంటుగానీ, పేషెంటు అధికారమిచ్చిన వాళ్లుగానీ అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఇన్‌పేషెంట్ రికార్డులను డాక్టర్లు మూడేళ్లపాటు దాచాలని కూడా అందులోనే ఉంది. నోటిమాటగా అడిగితే "రేపు రండి" అంటారు. కాగితం మీద ఇలా అడగండి:

*మెడికల్ సూపరింటెండెంట్ గారికి,*
*విషయం: వైద్య రికార్డుల కాపీలు ఇవ్వడం గురించి.*
*నా భార్య (పేరు), ఐపీ నంబరు (నంబరు), ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మీ ఆసుపత్రిలో చికిత్స పొందారు. ఆమె కేస్ షీట్ మొత్తం, అంటే డాక్టర్ల నోట్స్, నర్సుల నోట్స్, మందుల చార్టు, అంగీకార పత్రాలు, ఆపరేషన్ నోట్స్, అనస్థీషియా రికార్డు, ఐసీయూ చార్టులు, ల్యాబ్ మరియు స్కాన్ రిపోర్టులు, ధ్రువీకరించిన కాపీలుగా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం వీటిని 72 గంటల్లో ఇవ్వాలి. కాపీలకయ్యే ఖర్చు చెల్లిస్తాను.*

రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీ, స్టాంపు వేయించుకోండి. స్టాంపు వేయబోమని అంటే స్పీడ్ పోస్టులో పంపండి, ఈమెయిల్ కూడా చేయండి. పేషెంటు స్పృహలో ఉంటే వాళ్ల సంతకంతో పంపడమే మంచిది. అర్జీలో ఎవరినీ నిందించకండి, కేసు మాట ఎత్తకండి. ఇన్సూరెన్స్ కోసమో ఇంకో డాక్టర్‌కి చూపించడానికో కాపీలు తీసుకునేవాళ్లు రోజూ ఉంటారు, మీరూ అలాగే అడగండి.

అయినా ఇవ్వకపోతే ఆ స్టాంపు వేసిన కాపీయే మీకు ఆధారం. అడిగినా రికార్డులివ్వలేదన్నది వినియోగదారుల కమిషన్ (పరిహారం కేసులు వినే చోటు) ముందు ఆసుపత్రికి మైనస్ అవుతుంది, రికార్డులు తెప్పించమని కమిషన్‌నే కోరవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రి అయితే సమాచార హక్కు చట్టం కింద కూడా దరఖాస్తు చేసుకోండి.

చేతికొచ్చిన రోజే కూర్చుని ఇవి చూడండి: పేజీ నంబర్లు వరుసగా ఉన్నాయా, మధ్యలో రోజులు తప్పిపోయాయా, దిద్దిన చోట సంతకం ఉందా, డాక్టర్ నోట్స్‌లో రాసిన టైమూ నర్సు నోట్స్‌లో రాసిన టైమూ పొంతన కుదురుతున్నాయా. అంగీకార పత్రంలో ఆపరేషన్ పేరు రాసి ఉందా, ఖాళీ ఫారం మీద సంతకం తీసుకున్నారా అన్నది ప్రత్యేకంగా చూడండి. పరీక్ష కోసమని ఇచ్చిన అంగీకారంతో ఏకంగా గర్భసంచి తీసేయడం చెల్లదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రాణాపాయం ముంచుకొస్తే తప్ప, వేటికి ఒప్పుకున్నారో వాటికే అంగీకారం.

4. టైమ్‌లైన్ రాయండి

నా దృష్టిలో అన్నిటికంటే విలువైన పని ఇదే. ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. నోట్‌బుక్‌లో మూడు గడులు గీయండి: ఎప్పుడు, ఏం జరిగింది, ఆధారం ఎక్కడ ఉంది. కోపం, అనుమానం, మీ అభిప్రాయం ఇవేవీ ఇందులో వద్దు. ఎలా ఉండాలో చూపించడానికి ఒక ఊహాజనిత ఉదాహరణ ఇస్తున్నాను. పిత్తాశయంలో రాళ్లకు లాప్రోస్కోపీ చేయించుకున్న ఒక పేషెంటుది అనుకోండి:

- 12వ తేదీ ఉదయం 10:30: ఆపరేషన్ పూర్తి. (ఆపరేషన్ నోట్స్, పేజీ 14)
- 12 రాత్రి 9:40: కడుపునొప్పి, చెమటలు. పల్స్ 124, బీపీ 90/60. (నర్సు నోట్స్, పేజీ 31)
- 12 రాత్రి 9:55: నర్సు డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేశారు, నొప్పి ఇంజెక్షన్ ఇవ్వమన్నారు. (పేజీ 31)
- 13 తెల్లవారుజామున 3:00: పల్స్ 132. ఎవరికీ చెప్పినట్టు రాయలేదు. (పేజీ 32)
- 13 ఉదయం 8:15: సర్జన్ వచ్చి చూశారు, స్కాన్ రాశారు. (డాక్టర్ నోట్స్, పేజీ 18)
- 13 ఉదయం 11:00: స్కాన్‌లో కడుపులో రక్తం. (స్కాన్ రిపోర్టు)

ఇది ముందు పెట్టుకుని చూడండి. ఆ కుటుంబం మొదట "ఆపరేషన్ తప్పుగా చేశారు" అని వచ్చి ఉంటుంది. కానీ ఆపరేషన్ తర్వాత లోపల రక్తస్రావం కావడం జాగ్రత్తగా చేసినా జరగొచ్చు. దాని మీద కేసు వేస్తే ఆసుపత్రి తేలిగ్గా జవాబిస్తుంది. అసలు ప్రశ్న రాత్రి 9:40కీ ఉదయం 8:15కీ మధ్య ఉంది. పల్స్ పెరుగుతూ, బీపీ పడిపోయి ఉన్న పేషెంటును పదిన్నర గంటలపాటు ఒక డాక్టర్ కూడా వచ్చి ఎందుకు చూడలేదు? టైమ్‌లైన్ రాయకపోతే ఆ ప్రశ్న ఎవరికీ కనపడదు, మీ లాయర్‌కి కూడా.

మీరు కళ్లారా చూసినవీ, ఫోన్‌లో మాట్లాడినవీ వేరే రంగు పెన్నుతో చేర్చండి. కాల్ వివరాలతో టైమ్ సరిచూసుకోండి. వారం దాటితే మనకి గుర్తున్న టైమ్‌లు గంటల తేడాతో ఉంటాయి.

5. నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి

టైమ్‌లైన్ పక్కన పెట్టుకుని ఒక్కోదానికీ రెండు మూడు వాక్యాల్లో జవాబు రాయండి.

*ఆ డాక్టర్ లేదా ఆసుపత్రి మీ వైద్యం బాధ్యత తీసుకున్నారా?* చేర్చుకున్నారంటే తీసుకున్నట్టే. ఇక్కడ సాధారణంగా తగువు ఉండదు.

*అదే చదువు, అదే అనుభవం ఉన్న మామూలు డాక్టర్ చేయాల్సిన పని వీళ్లు చేయలేదా?* "మామూలు" అన్న మాట ముఖ్యం. దేశంలోకెల్లా గొప్ప స్పెషలిస్టు ఏం చేసేవారన్నది కొలత కాదు. ఒక జబ్బుకి వైద్యశాస్త్రం ఒప్పుకున్న రెండు పద్ధతులుంటే, డాక్టర్ అందులో ఒకటి ఎంచుకోవడం నిర్లక్ష్యం కాదు, ఫలితం బాగా రాకపోయినా సరే.

*మీకు నష్టం జరిగిందా?* ప్రాణనష్టం, అవయవ నష్టం, మళ్లీ ఆపరేషన్, అదనపు ఖర్చు, పోయిన జీతం. రాత్రంతా నర్సు పిలిచినా పలకలేదు, కానీ పేషెంటు క్షేమంగా ఇంటికొచ్చారు అంటే ఫిర్యాదు చేయాల్సిన విషయమే. పరిహారం కేసుకి మాత్రం బలం తక్కువ.

*ఆ లోపం వల్లే ఆ నష్టం జరిగిందా?* కేసులు ఎక్కువగా ఓడిపోయేది ఈ ప్రశ్న దగ్గరే. చివరి దశ క్యాన్సర్ పేషెంటుకి ఒక మందు ఆలస్యంగా ఇచ్చారనుకోండి. లోపం నిజమే, కానీ సకాలంలో ఇచ్చి ఉంటే ఏమయ్యేది? "బహుశా బతికేవారేమో" అన్నది చాలదు. "బతికే అవకాశమే ఎక్కువ" అని ఒక డాక్టర్ చెప్పగలగాలి.

కొన్ని సందర్భాల్లో ఇంత తర్కం అక్కర్లేదు. కడుపులో గుడ్డ మర్చిపోవడం, ఎడమ కాలికి బదులు కుడి కాలికి ఆపరేషన్ చేయడం, వేరే గ్రూపు రక్తం ఎక్కించడం లాంటివి. చదవని వైద్యం చేయడం కూడా అంతే. హోమియోపతి చదివి అల్లోపతి మందులిస్తే అదే నిర్లక్ష్యమని సుప్రీంకోర్టు 1996లో తేల్చింది. మన ఊళ్లలో ఆర్‌ఎంపీలని పిలిచేవాళ్లలో చాలామందికి ఏ వైద్య డిగ్రీ ఉండదు. మీకు వైద్యం చేసినవాళ్ల పేరు మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉందో లేదో ఆన్‌లైన్‌లో ఇప్పుడే చూడండి. పెద్ద ఆసుపత్రుల రాత్రి డ్యూటీ డాక్టర్ల విషయంలో కూడా చూడండి.

6. ఇంకో డాక్టర్‌ని అడగండి, కానీ సరైన ప్రశ్న అడగండి

"మా వాళ్లకి అన్యాయం జరిగిందా డాక్టర్ గారూ?" అని అడిగితే, తోటి డాక్టర్ మీద మాట పడుతుందని ఎవరూ నోరు విప్పరు. టైమ్‌లైన్, కేస్ షీట్ ముందు పెట్టి ఇలా అడగండి: "రాత్రి 9:40కి ఈ రీడింగులతో మీకు ఫోన్ వస్తే మీరేం చేయమనేవారు? అప్పుడే స్కాన్ తీసి ఉంటే పరిస్థితి మారేదా?" పేర్లు చెప్పనక్కర్లేదు. ఆసుపత్రి పేరు కనపడకుండా మూసి చూపించినా ఫర్వాలేదు.

అదే ఊళ్లో ఎవరూ దొరకకపోతే ఇంకో ఊళ్లోనో, పక్క రాష్ట్రంలోనో, రిటైరైన మెడికల్ కాలేజీ ప్రొఫెసర్లనో ప్రయత్నించండి. విభాగం మాత్రం అదే ఉండాలి. ప్రసవం కేసు మీద ఎముకల డాక్టర్ అభిప్రాయం నిలవదు.

రాసివ్వమంటే చాలామంది వెనకాడతారు. దాంతో దారి మూసుకుపోదు. హైదరాబాద్‌లోనే జరిగిన వి. కిషన్ రావు కేసు చూడండి. ఆయన మలేరియా విభాగంలో ఉద్యోగి. చలిజ్వరంతో ఉన్న భార్యని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చితే, వాళ్లు టైఫాయిడ్‌కి వైద్యం చేశారు, ఆమె చనిపోయారు. జిల్లా ఫోరం (ఇప్పటి జిల్లా వినియోగదారుల కమిషన్) రెండు లక్షల పరిహారం ఇచ్చింది. నిపుణుడి సాక్ష్యం లేదంటూ రాష్ట్ర కమిషన్ కొట్టేసింది. 2010లో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టి, ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని చెప్పింది. అలాగని దీన్ని నమ్ముకుని అభిప్రాయమే తీసుకోకుండా వెళ్లకండి. కేసు క్లిష్టమైనదైతే, ప్రభుత్వ వైద్య నిపుణుల అభిప్రాయం తెప్పించమని కమిషన్‌నే అడగవచ్చు.

ఇద్దరు డాక్టర్లు, ఒకరికొకరు తెలియకుండా, "నేనైనా ఇలాగే చేసేవాణ్ని" అంటే ఆ మాట వినండి. మనసు ఒప్పుకోకపోయినా వినండి.

7. మీకు ఏం కావాలో తేల్చుకోండి

డబ్బా, డాక్టర్ మీద చర్యా, శిక్షా, అసలేం జరిగిందో తెలియడమా? ఒక్కోదానికి ఒక్కో తలుపు ఉంది.

*పరిహారం కావాలంటే* వినియోగదారుల కమిషన్. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2019 కొత్త చట్టంలో ఆరోగ్య సేవలు అన్న మాట లేదు కాబట్టి డాక్టర్లు దాని కిందికి రారని కొందరు వాదిస్తారు. ఆ వాదనను 2022లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. బిల్లు మీ తరఫున ఇన్సూరెన్స్ కంపెనీ కట్టినా అది ఉచిత వైద్యం కాదు. ఆరోగ్యశ్రీలో కూడా ఆసుపత్రికి డబ్బు అందుతుంది. కాబట్టి "మీరు పైసా కట్టలేదు, మీకు హక్కు లేదు" అని ఎవరైనా అంటే అక్కడితో ఆగిపోకండి, లాయర్‌తో మాట్లాడండి.

*డాక్టర్ రిజిస్ట్రేషన్ మీద చర్య కావాలంటే* తెలంగాణలో హైదరాబాద్‌లోని మెడికల్ కౌన్సిల్, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని మెడికల్ కౌన్సిల్. వాళ్లు హెచ్చరించగలరు, రిజిస్ట్రేషన్ కొంతకాలం ఆపగలరు, పేరు తీసేయగలరు. పరిహారం ఇప్పించలేరు. ఒక జాగ్రత్త: అక్కడ మీ ఫిర్యాదు కొట్టేస్తే, ఆ ఉత్తర్వును ఆసుపత్రి లాయర్ కమిషన్‌లో మీ మీదే వాడతారు. తయారుగా లేకుండా వెళ్లకండి.

*ఆసుపత్రిలో సిబ్బంది, సదుపాయాలు, అనుమతులు సరిగ్గా లేవంటే* జిల్లా వైద్యాధికారికి, అంటే డీఎంహెచ్‌వోకి ఫిర్యాదు.

*శిక్ష పడాలంటే* పోలీసులు. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద వైద్యం చేస్తుండగా నిర్లక్ష్యం వల్ల మరణం జరిగితే డాక్టర్‌కి రెండేళ్ల వరకు జైలు ఉంది. కానీ 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు గీత చాలా పైన గీసింది. తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలి, పోలీసులు ముందు సంబంధం లేని డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలి, వెంటనే అరెస్టు చేయకూడదు. చాలా కుటుంబాలు శక్తంతా ఇక్కడే ఖర్చు పెట్టి, కమిషన్ గడువు దాటబెట్టుకుంటాయి.

ప్రభుత్వ ఆసుపత్రి సంగతి వేరు. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే చోట వినియోగదారుల కమిషన్‌కి వెళ్లలేరు. సివిల్ కోర్టు, హైకోర్టులో రిట్, మానవ హక్కుల కమిషన్ ఉన్నాయి. కొందరి దగ్గర డబ్బు తీసుకుని, కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రి అయితే ఉచితంగా చేయించుకున్నవాళ్లకూ కమిషన్ తలుపు తెరిచే ఉంటుంది.

8. గడువూ, ఖర్చూ లెక్కవేయండి

కమిషన్‌లో ఫిర్యాదుకి గడువు రెండేళ్లు. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే మన్నించవచ్చు, కానీ దాన్ని నమ్ముకోకండి. ముంబైలో ఒకామెకి 1993లో ఆపరేషన్‌లో కడుపులో గుడ్డ ఉండిపోయింది. నొప్పి వచ్చినప్పుడల్లా మాత్రలు వేసుకుంటూ నెట్టుకొచ్చారు, 2002లో అది బయటపడింది, 2004లో కేసు వేశారు. తొమ్మిదేళ్లు నొప్పి ఉన్నా ఆ డాక్టర్‌ని అడగలేదు కదా, పైగా మీరు నర్సు కదా అంటూ సుప్రీంకోర్టు 2010లో గడువు దాటిందని కొట్టేసింది. గుడ్డ ఉన్నది నిజమే అయినా సరే. ఘటన జరిగిన తేదీకి రెండేళ్లు కలిపి, దానికి మూడు నెలల ముందు తేదీని ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

ఫీజు గురించి భయపడనక్కర్లేదు. ఆసుపత్రికి మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు. 5 నుంచి 10 లక్షలైతే 200 రూపాయలు, 10 నుంచి 20 లక్షలైతే 400, 20 నుంచి 50 లక్షలైతే 1,000. కట్టింది 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్, 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, ఆపైన ఢిల్లీలోని జాతీయ కమిషన్. ఇక్కడ చాలామంది పొరబడతారు: చూసేది మీరు కట్టిన బిల్లునే, మీరు అడిగే పరిహారాన్ని కాదు. 2 లక్షల బిల్లు కట్టి 40 లక్షలు అడిగినా జిల్లా కమిషనే, ఫీజు సున్నాయే. ఆసుపత్రి హైదరాబాద్‌లో ఉన్నా, మీరుండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. ఎలా అన్న సందేహాలకి 1915కి ఫోన్ చేయండి.

అసలు ఖర్చు సమయం. మూడు నుంచి ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. వైద్యం కేసులు ఏళ్లు పడతాయి, అప్పీళ్లతో ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ నిమ్స్‌లో 1990లో ఒక ఇరవై ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థికి ఛాతీలో గడ్డకు ఆపరేషన్ చేశారు. అంగీకారం తీసుకున్నది బయాప్సీకి, తీసేసింది గడ్డ మొత్తం. న్యూరోసర్జన్‌ని ముందుగా సంప్రదించలేదు. అతని నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. చక్రాల కుర్చీలో ఉండి తన కేసు తనే వాదించుకున్నాడు. 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయల పరిహారం ఇచ్చింది. గెలిచాడు, పందొమ్మిదేళ్ల తర్వాత. మీ ఇంట్లో వాయిదాలకు ఎవరు తిరుగుతారు, ఆ మనిషి ఉద్యోగం ఏమవుతుంది, ప్రతి వాయిదాకీ ఆ రోజుల్ని మళ్లీ గుర్తు చేసుకోగలరా అన్నది ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి.

9. ఇప్పుడు లాయర్ దగ్గరికి వెళ్లండి

టైమ్‌లైన్, నాలుగు జవాబులు, డాక్టర్ అభిప్రాయం, ఒక ఫైలు. ఇవి పట్టుకుని వెళ్తే లాయర్ మొదటి గంటలోనే పనికొచ్చే మాట చెప్పగలరు. వైద్యం కేసులు ఇదివరకు చేశారా, అందులో ఓడిపోయినవి ఎందుకు ఓడిపోయాయి అని అడగండి. కాగితాలు చూడకుండానే "ఖాయంగా గెలుస్తాం" అనేవాళ్ల దగ్గర ఆగకండి. "వచ్చిన పరిహారంలో ఇంత శాతం నాకు" అని మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. ఫీజు ఎంతో, ఎప్పుడెప్పుడో కాగితం మీద రాయించుకోండి.

డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులకు ఆదాయంతో పనిలేదు. ఫోన్ నంబరు 15100. లాయర్ లేకుండా మీరే వాదించుకునే హక్కు కూడా ఉంది. చిన్న కేసులకు అది కుదురుతుంది, ఆపరేషన్ల కేసులకు నేనైతే సలహా ఇవ్వను.

విదేశాల్లో ఉన్నవాళ్లు చనిపోయిన తల్లిదండ్రుల తరఫున వారసులుగా ఫిర్యాదు వేయవచ్చు. ఇక్కడున్న ఒకరికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వవచ్చు.

తరచూ జరిగే తప్పులు

ఆసుపత్రి ముందు ధర్నా, అద్దాలు పగలగొట్టడం. 2008 నుంచి మన రాష్ట్రాల్లో వైద్య సిబ్బంది మీద దాడికి మూడేళ్ల వరకు జైలు ఉంది. ఒక్క కిటికీ పగిలితే ఆ రోజు నుంచి నిందితులు మీరవుతారు.

స్థానిక నాయకుల మధ్యవర్తిత్వంలో సెటిల్‌మెంట్ చేసుకుని, చదవకుండా సంతకం పెట్టడం. రాజీ తప్పేమీ కాదు, కొన్నిసార్లు అదే మంచిది. కానీ ఆ కాగితంలో "ఇకపై ఏ కేసూ వేయము" అని ఉంటే ఇక అంతే. దుఃఖంలో ఉన్న మొదటి రోజుల్లో సంతకం పెట్టకండి, ఒక లాయర్‌కి చూపించి పెట్టండి.

డాక్టర్ పేరు, ఫొటోతో సోషల్ మీడియాలో పోస్టు పెట్టడం. పరువునష్టం నోటీసు వస్తుంది, మీ ఫిర్యాదులో మీరు చెప్పేదానికీ ఆ పోస్టుకీ తేడాలు వెతుకుతారు.

ఒరిజినల్ కాగితాలు ఎవరి చేతికైనా ఇచ్చేయడం. లాయర్‌కైనా కాపీలే ఇవ్వండి. కొన్ని బిల్లులూ, ఈసీజీ కాగితాలూ వేడికి వెలిసిపోతాయి, ముందే స్కాన్ చేసి పెట్టుకోండి.

లెక్కలేకుండా కోట్లు అడగడం. వైద్యం ఖర్చు, పోయిన ఆదాయం, ముందు ముందు కావాల్సిన వైద్యం, బాధకు పరిహారం, ఇలా విడివిడిగా లెక్కకట్టి, ప్రతి అంకె పక్కన ఆధారం పెట్టండి.

మీ నిర్ణయం సరైనదో కాదో చూసుకోండి

కేసు తెలియని ఒక మనిషిని కూర్చోబెట్టి, ఏ తిట్టూ లేకుండా, మూడు వాక్యాల్లో చెప్పి చూడండి: ఏ సమయంలో, ఎవరు, ఏం చేయలేదు, దానివల్ల ఏం జరిగింది, అది ఏ పేజీలో ఉంది. చెప్పగలిగి, ఇంకో డాక్టర్ కూడా ఆ మాటే అని, ఇంట్లోవాళ్లు ఏళ్ల తరబడి తిరగడానికి సిద్ధపడితే వేయండి. నోటీసు ఆసుపత్రికీ, వైద్యం చేసిన డాక్టర్లకీ కలిపి ఇవ్వండి, ఎవరినీ వదిలేయకుండా.

మూడు వాక్యాల్లో చెప్పలేకపోతున్నారంటే ఇంకా ఏదో దొరకాలి. గడువుంటే దాన్ని వెతకండి. లోపం స్పష్టంగా ఉన్నా నష్టం చిన్నదైతే డీఎంహెచ్‌వోకి ఫిర్యాదూ, ఆసుపత్రి యాజమాన్యానికి ఒక ఉత్తరమూ చాలు. వివరణ ఇమ్మనీ, బిల్లులో కొంత వెనక్కివ్వమనీ అడగండి. ఇవ్వడానికి ఒప్పుకునే ఆసుపత్రులూ ఉన్నాయి.

వద్దనుకుంటే అది ఓటమి అనుకోవద్దు. కాగితాలు మాత్రం పారేయకండి, అలారం తీసేయకండి. ఆ తేదీ వచ్చినప్పుడు ఫైలు ఒక్కసారి తెరిచి, ఈ మధ్యలో కొత్త రిపోర్టుగానీ కొత్త లక్షణంగానీ వచ్చిందేమో చూసి, అప్పుడు మూసేయండి.